అటక మీది పాత వీడియో గేమ్‌ను బాగుచేసుకోవడం ఎలా

అటక మీంచి దించిన వీడియో గేమ్ కనబడగానే దుమ్ము దులిపి, దాని అడాప్టరే ప్లగ్గులో పెట్టి, స్విచ్ వేసి చూసేదాకా చెయ్యి ఊరుకోదు. కాసేపు ఆగండి. ఇరవై ముప్పై ఏళ్లు మూలన పడున్న సెట్టులో ముందు అనుమానించాల్సింది ఆ అడాప్టర్‌నే.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా 1990లలో మన ఇళ్లలోకి వచ్చిన 8 బిట్ సెట్ల గురించి. సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా అంటూ పెట్టె మీద పేరు ఏదున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే. నింటెండో 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌ను చూసి చేసినవే అవన్నీ. అదే యంత్రం 1985లో వేరే పెట్టెలో, ఎన్ఈఎస్ అనే పేరుతో అమెరికా వెళ్లింది. మీ బాబాయి వాళ్లు అమెరికా నుంచి తెచ్చిన సెట్టు ఉన్నా, జపాన్ ఒరిజినల్ ఆన్‌లైన్‌లో కొన్నా పద్ధతి ఇదే. తేడాలున్న చోట విడిగా చెప్తాను.

ఒక్క మాట మాత్రం మొదటే గుర్తుపెట్టుకోండి. వీటిలో చిప్పులు అంత తేలిగ్గా పోవు. లోహం లోహాన్ని తాకే ప్రతిచోటా, అంటే ప్లగ్గు, జాక్, స్విచ్, క్యాసెట్ స్లాట్, వైరు మడత పడే చోటు, అక్కడే జబ్బు ఉంటుంది. కాబట్టి బయటి నుంచి లోపలికి వెళ్లాలి. మీటర్ ఫలానా చోట తేడా ఉందని చూపించేదాకా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు. "చిప్ పోయింది సార్" అని సెట్టు విప్పకుండానే తేల్చేసే మెకానిక్ దగ్గర్నుంచి సెట్టు వెనక్కి తెచ్చుకోవడమే మంచిది.

కావలసినవి

చవక రకం డిజిటల్ మల్టీమీటర్ చాలు, కానీ కంటిన్యుటీ (తీగ తెగకుండా ఉందో లేదో చూసే సెట్టింగు) పెడితే బీప్ కొట్టేది అయి ఉండాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చిన్న సీసా, ఇయర్ బడ్స్, పాత టూత్‌బ్రష్, స్టార్ స్క్రూడ్రైవర్లు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్, అది సరిగ్గా అతుక్కోవడానికి పూసే ఫ్లక్స్, పాత సోల్డర్ పీల్చుకునే డీసోల్డరింగ్ విక్. హైదరాబాద్‌లో అయితే ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్ కూడా పనికొస్తుంది, కాకపోతే అందులో నీళ్లుంటాయి కాబట్టి ఆరడానికి ఎక్కువసేపు వదిలేయాలి. పెట్రోలు, థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఎన్ఈఎస్ క్యాసెట్లు విప్పాలంటే 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాలి, అది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి.

అడాప్టర్

ముందు దాని మీద అచ్చు వేసింది చదవండి. ఏసీనా డీసీనా, ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీయాంపులు, నడిమి పిన్ను ప్లస్సా మైనస్సా. మన క్లోన్ సెట్లు, అంటే ఫ్యామికామ్‌ను చూసి చేసినవి, ఎక్కువగా 9 వోల్టుల డీసీ మీద, నడిమి పిన్ను నెగటివ్‌గా నడుస్తాయి. "ఎక్కువగా" అన్నాను, "అన్నీ" అనలేదు. సెట్టు వెనక జాక్ పక్కన చిన్న వృత్తాల బొమ్మ ఉంటుంది, దాన్ని నమ్మండి.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను ప్లగ్గు లోపలి రంధ్రంలో, నల్లదాన్ని బయటి లోహానికి ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే నడిమి పిన్ను నెగటివ్ అన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువైన అడాప్టర్ 9 వోల్టులది అయినా, లోడ్ లేనప్పుడు 12, 13 దాకా చూపిస్తుంది. అది లోపం కాదు. సున్నా చూపిస్తే వైరు ప్లగ్గు దగ్గర తెగి ఉండాలి, లేదా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఉండాలి. అంకె నిలకడగా లేకుండా వైరు కదిపినప్పుడల్లా గంతులు వేస్తుంటే వైరే. అడాప్టర్ విప్పి బాగుచేసే పని పెట్టుకోవద్దు. అందులో 230 వోల్టులుంటాయి, కొత్తది కొనడం దానికంటే చవక.

కొత్తది కొనేటప్పుడే అసలు ప్రమాదం. వైఫై రౌటర్‌కో సీసీ కెమెరాకో వచ్చిన అడాప్టర్ ప్లగ్గు దీనికి చక్కగా పడుతుంది. కానీ వాటిలో నడిమి పిన్ను పాజిటివ్, పైగా చాలావాటిలో 12 వోల్టులు. అది గుచ్చి స్విచ్ వేస్తే అదృష్టం బాగుంటే డయోడ్ పోతుంది, లేకపోతే చిప్ పోతుంది. 9 వోల్టులు, కనీసం 1 యాంపు ఇచ్చే అడాప్టర్ తీసుకోండి. ధ్రువాలు తారుమారుగా ఉంటే ప్లగ్గుకు కాస్త ఇవతల వైరు కత్తిరించి, రెండు తీగలనూ మార్చి కలిపి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, మళ్లీ మీటర్‌తో చూసి, దాని మీద "వీడియో గేమ్‌కు మాత్రమే" అని రాసి అంటించండి. ఇంట్లో ఇంకెవరో దాన్ని రౌటర్‌కు పెట్టకుండా ఉండాలి కదా.

సెట్టు మీద గుర్తు చెరిగిపోయి ఉంటే? పెట్టె విప్పాక లోపల వోల్టేజీని 5 వోల్టులకు దించి నిలకడగా ఉంచే మూడు కాళ్ల రెగ్యులేటర్ కనబడుతుంది. దాని మీద 7805 అని ఉంటుంది. మధ్య కాలు గ్రౌండ్. మీటర్ కంటిన్యుటీలో పెట్టి, ఆ మధ్య కాలికీ జాక్ నడిమి పిన్నుకూ మధ్య బీప్ వస్తే నడిమి పిన్ను నెగటివ్ అన్నట్టే.

విదేశీ సెట్లున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. జపాన్ అడాప్టర్ 100 వోల్టులకు, అమెరికాది 120 వోల్టులకు చేసినవి. పిన్నుల ఆకారం మార్చే కన్వర్టర్ తగిలించి మన 230లో పెడితే పొగ వస్తుంది. ఆ కన్వర్టర్ వోల్టేజీని మార్చదు. ఒరిజినల్ ఫ్యామికామ్‌కు 10 వోల్టుల డీసీ, నడిమి పిన్ను నెగటివ్ కావాలి. ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్ఈఎస్ లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంటుంది కాబట్టి దానికి ఇక్కడ కొన్న మామూలు 9 వోల్టుల డీసీ అడాప్టర్ ఏ ధ్రువంతో పెట్టినా నడుస్తుంది. ఒకటిన్నర యాంపులది తీసుకుంటే చాలు, బరువైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఫ్యామికామ్‌లో ఆ రెక్టిఫయర్ లేదు. ఎన్ఈఎస్ అడాప్టర్‌ను ఫ్యామికామ్‌కు పెట్టడమంటే దాన్ని చేజేతులా చంపడమే. సెగా మెగా డ్రైవ్ ఉన్నవాళ్లకూ ఒక తిరకాసు ఉంది: మొదటి మోడల్‌కు నడిమి పిన్ను నెగటివ్, రెండో మోడల్‌కు పాజిటివ్.

టీవీ వైపు

లైటు వెలిగి బొమ్మ రాకపోతే సెట్టును తిట్టుకునే ముందు కేబుల్‌ను పరీక్షించండి. ఇంట్లో పాత డీవీడీ ప్లేయరో సెట్‌టాప్ బాక్సో ఉంటే అదే ఏవీ కేబుల్‌తో దాన్ని టీవీకి కలిపి చూడండి. పసుపు జాక్ బొమ్మకు, తెలుపో ఎరుపో శబ్దానికి. కొత్త టీవీల్లో చాలావాటికి మూడు జాక్‌లు విడిగా ఉండవు. ఇయర్‌ఫోన్ జాక్ లాంటి ఒకే రంధ్రం, దానికో చిన్న కేబుల్ ఉంటాయి. ఆ కేబుల్ లోపలి అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది కాబట్టి వేరే టీవీ కేబుల్ పెడితే బొమ్మ స్థానంలో గరగర శబ్దం వస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు జాక్‌లను ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూస్తే కొన్నిసార్లు దారిలో పడుతుంది.

ఏవీ లేకుండా యాంటెన్నా వైరు ద్వారా కలిపే సెట్టయితే, గేమ్ ఆన్ చేసి క్యాసెట్ పెట్టి ఉంచి టీవీలో ఆటో సెర్చ్ చేయండి. ముందే సెర్చ్ చేసి తర్వాత ఆన్ చేస్తే ఏమీ దొరకదు. జపాన్ ఫ్యామికామ్‌ది మరో కథ. దాని ఛానెళ్లు 90 మెగాహెర్ట్జ్ దాటిన చోట, మన ఎఫ్ఎం రేడియో వచ్చే ప్రాంతంలో ఉంటాయి. ట్యూనర్ దాన్ని పట్టుకుని బొమ్మ చూపినా శబ్దం రాకపోవచ్చు. ఎందుకంటే అక్కడి పద్ధతిలో బొమ్మకూ శబ్దానికీ మధ్య దూరం 4.5 మెగాహెర్ట్జ్, మన పాల్ పద్ధతిలో 5.5. ఇందులో సెట్టు తప్పేమీ లేదు, ఏవీ అవుట్‌పుట్ పెట్టించుకోవడమే పరిష్కారం.

బొమ్మ వస్తుంది గానీ నలుపు తెలుపు. ఇది చాలామందిని భయపెట్టే లక్షణం, నిజానికి జబ్బే కాదు. సెట్టు ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా టీవీ పద్ధతి), టీవీ పాల్‌లో ఉంది, లేదా అటుది ఇటు. టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటోకు మార్చండి. సెట్టు ఏ రకమో తేల్చుకోవాలంటే లోపలి బోర్డు మీద వెండి డబ్బీలాంటి క్రిస్టల్ మీద అంకె చదవండి. 21.477 అని ఉంటే ఎన్‌టీఎస్‌సీ, 26.601 అని ఉంటే పాల్ రంగులిచ్చేది.

క్యాసెట్, స్లాట్

క్యాసెట్‌లోకి ఊదొద్దు. మనమందరం ఊదినవాళ్లమే, ఊదగానే ఆట వచ్చింది కూడా. కానీ వచ్చింది ఊదడం వల్ల కాదు, బయటికి తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్త చోట ఆనాయి. మన ఊపిరిలోని తేమ రాగి మీద చిలుము పట్టిస్తుంది. ఊదొద్దని నింటెండోనే చెప్పింది.

ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి, పిన్నులు పొడవుగా ఉన్న దిశలోనే రుద్దండి. అడ్డంగా రుద్దితే ఒక పిన్ను మురికి పక్క పిన్ను మీదికి చేరుతుంది. బడ్ నల్లగా అయిన కొద్దీ మారుస్తూ, తెల్లగా వచ్చేదాకా చేయండి. పచ్చటి చిలుము మొండికేస్తే పెన్సిల్ రబ్బరుతో తేలికగా రెండు మూడు సార్లు రుద్ది, పొట్టు దులిపి, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. ఇసక కాగితం వాడొద్దు. ఒరిజినల్ క్యాసెట్ల పిన్నుల మీద బంగారు పూత ఉంటుంది, మహా పలచన. అది పోయాక తుప్పుకు అడ్డే ఉండదు. "9999 ఇన్ 1" రకం పచ్చ క్యాసెట్లలో చాలావాటికి ఆ పూతే నాసిరకం, కాబట్టి వాటిని ఏడాదికోసారైనా తుడవాల్సి ఉంటుంది. (ఆ 9999లో అసలు ఆటలెన్నో చిన్నప్పుడే లెక్కపెట్టి ఉంటారు.)

క్యాసెట్ తుడిచి స్లాట్ వదిలేయడం సగం పనే. స్లాట్ లోపలికి వేళ్లు పోవు. పాత ఏటీఎం కార్డు పొట్టి అంచుకు పలచని నూలు బట్ట ఒక్క పొర చుట్టి, ఆల్కహాల్‌తో తడిపి, స్లాట్‌లోకి నిలువుగా దించి పైకి తీయండి. స్లాట్ వెడల్పు కార్డు పొట్టి అంచు కంటే ఎక్కువ, అందుకే ఎడమవైపు ఓసారి, కుడివైపు ఓసారి చేయాలి. బట్ట మందంగా చుట్టి బలవంతంగా దూర్చొద్దు. లోపలి స్ప్రింగు పిన్నులు విచ్చుకుపోయి, అంతకుముందు పనిచేసిన క్యాసెట్లు కూడా వదులవుతాయి. ఏ సెట్టుకైనా క్యాసెట్‌ను కాస్త పైకి లేపి పట్టుకుంటేనో పక్కకు వంచితేనో ఆట వస్తోందంటే పిన్నులు వదులయ్యాయని అర్థం. సెట్టు ఆపి, అడాప్టర్ తీసి, సన్నని సూది కొనతో ఒక్కో పిన్నునూ వెంట్రుకవాసి లోపలికి వంచండి. ఫ్యామికామ్‌లోనూ క్లోన్‌లలోనూ రెండు వరుసల్లో ముప్పయ్యేసి, మొత్తం అరవై ఉంటాయి. ఓపిక ఉన్న రోజే మొదలుపెట్టండి.

ఫ్యామికామ్‌లో శబ్దం నేరుగా టీవీకి పోదు. సెట్టులోంచి 45వ పిన్ను ద్వారా క్యాసెట్‌లోకి వెళ్లి, 46వ పిన్ను ద్వారా తిరిగొచ్చి అప్పుడు బయటికి వెళ్తుంది. క్యాసెట్లో అదనపు సౌండ్ చిప్ పెట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. క్లోన్‌లలోనూ చాలావాటిలో ఇదే వైరింగ్. అందుకే బొమ్మ శుభ్రంగా ఉండి ఒక క్యాసెట్‌కు మాత్రం శబ్దం రాకపోతే ఆ రెండు పిన్నులూ తుడిస్తే సరిపోవచ్చు. స్పీకర్లు మార్చడం, టీవీ మెనూలు వెతకడం తర్వాత.

ఇంతవరకూ పెట్టె విప్పలేదు. సగానికి సగం సెట్లు ఈపాటికే ఆడుతుంటాయని నా నమ్మకం.

పెట్టె విప్పాక

అడాప్టర్ తీసేసి, సెట్టును బోర్లించి, కింది స్క్రూలు తీయండి. పై మూత గబుక్కున లాగొద్దు. రిమోట్ల వైర్లు, స్విచ్ బోర్డు వైర్లు పొట్టిగా ఉంటాయి, తెగుతాయి. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా ఏ రంగు వైరు ఎక్కడ అంటుకుని ఉందో. క్లోన్‌లలో వైర్ల రంగులకు అర్థమేమీ ఉండదు. ఫ్యాక్టరీలో ఆ పూట ఏ తీగ చుట్ట దొరికితే అది వాడారు.

లోపల మొదట కనబడేది దుమ్ము, బొద్దింకల రెట్ట, ఒక్కోసారి బల్లి గుడ్లు. నవ్వొద్దు, ఆ రెట్ట తేమ పీల్చి రాగి గీతల్ని తినేస్తుంది. వానాకాలంలో మాత్రమే మొరాయించే సెట్లకు ఇదొక కారణం. పొడి బ్రష్‌తో దులిపి, తర్వాత టూత్‌బ్రష్‌ను ఆల్కహాల్‌లో ముంచి రుద్ది, గంటసేపు ఫ్యాన్ కింద ఆరబెట్టండి. జాక్, స్విచ్, రిమోట్ సాకెట్ల కాళ్ల దగ్గర సోల్డర్ చుట్టూ సన్నని ఉంగరంలా పగులు ఉందేమో లైటు వేసి చూడండి. ఎన్నోసార్లు ప్లగ్గు గుచ్చి లాగిన చోటు కదా. పగులుంటే కాస్త ఫ్లక్స్ పూసి, ఐరన్ రెండు మూడు సెకన్లు ఆనించి, కొంచెం కొత్త సోల్డర్ ఇస్తే అతుక్కుంటుంది. అంతకంటే ఎక్కువసేపు ఆనిస్తే చవక బోర్డుల్లో రాగి గీతే లేచి వస్తుంది.

ఇప్పుడు రెగ్యులేటర్. 7805కు అక్షరాలు మీవైపు ఉండేలా పెట్టుకుంటే ఎడమ కాలు లోపలికొచ్చే వోల్టేజీ, మధ్య కాలు గ్రౌండ్, కుడి కాలు బయటికెళ్లే 5 వోల్టులు. కరెంటు పెట్టకముందే మధ్య, కుడి కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. ఒకటి రెండు ఓమ్‌లు మాత్రమే చూపిస్తే 5 వోల్టుల లైను షార్ట్ అయింది. కారణం కెపాసిటరో (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం), అరుదుగా చిప్పో. అప్పుడు కరెంటు పెట్టొద్దు.

షార్ట్ లేకపోతే అడాప్టర్ పెట్టి ఆన్ చేసి, నల్ల ప్రోబ్ మధ్య కాలికి ఆనించి ఇలా చూడండి.

ఎడమ కాలి దగ్గర ఏమీ లేకపోతే దెబ్బ జాక్‌లోనో స్విచ్‌లోనో ఉంది. జరిపే రకం స్విచ్‌లు లోపల చిలుము పడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ జరిపితే చాలావరకు లేస్తాయి.

ఎడమ కాలి దగ్గర 7 కంటే తక్కువ ఉంటే అడాప్టర్‌కు శక్తి చాలడం లేదు. 7805 కుదురుగా 5 ఇవ్వాలంటే దానికి పైన కనీసం రెండు వోల్టులు అదనంగా అందాలి.

ఎడమ బాగుండి, కుడి కాలి దగ్గర 4.75కు తక్కువో 5.25కు ఎక్కువో ఉంటే రెగ్యులేటర్ మీద అనుమానం. మార్చేముందు కుడి కాలిని బోర్డు నుంచి విడదీసి కొలవండి. విడిగా ఉన్నప్పుడు 5 వచ్చి, కలిపితే పడిపోతోందంటే రెగ్యులేటర్ నిర్దోషి, బోర్డులో ఏదో ఎక్కువ కరెంటు తాగుతోంది.

7805 చాలా చవక. మార్చేటప్పుడు వెనక ఉన్న లోహపు రేకుకు స్క్రూ బిగించి, మధ్యలో హీట్ సింక్ పేస్టు పూయడం మరిచిపోవద్దు. ఆడుతున్నప్పుడు అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం మామూలే. మిగులు వోల్టేజీని వేడిగా మార్చడమే దాని పని. 12 వోల్టుల అడాప్టర్ వద్దనడానికి ఇదీ ఒక కారణం. అరగంట ఆడాక దానంతట అదే ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచే సెట్లకు స్క్రూ వదులైన రెగ్యులేటరే చాలాసార్లు మూలం.

తెర మీద అడ్డంగా మసక చారలు కిందికో పైకో జరుగుతూ, శబ్దంలో ఝుమ్మని హోరు వినబడితే రెగ్యులేటర్ ముందున్న పెద్ద కెపాసిటర్ ఎండిపోయింది. పైభాగం ఉబ్బినా, కింద జిగురులాంటి ద్రవం కారినా కొలవక్కర్లేదు, మార్చేయండి. మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ. పక్కన చార ఉన్న కాలు నెగటివ్. తిప్పి పెడితే పేలుతుంది.

తెర ఏం చెబుతోంది

కరెంటు సరిగ్గా ఉండి ఆట రాకపోతే తెరను చదవాలి. ఒకే రంగు నిండుగా ఉండి ఏ కదలికా లేదు: వీడియో భాగం బాగుంది, ఆట ప్రోగ్రామ్ మాత్రం నడవడం లేదు. ఇలాంటప్పుడు నూటికి తొంభై సార్లు అని లెక్క చెప్పలేను గానీ, మొదటి అనుమానం మళ్లీ స్లాటే. ఆట నడుస్తోంది, శబ్దం సరిగ్గా ఉంది, కానీ మారియో ముఖం ముక్కలు ముక్కలుగా, అక్షరాలు వేరేవాటిలా కనబడుతున్నాయి: క్యాసెట్లో బొమ్మల సమాచారం ఉండే చిప్‌కు వెళ్లే పిన్నుల్లో ఏదో ఒకటి ఆనడం లేదు. ఒక క్యాసెట్‌కే ఇలా అయితే తప్పు క్యాసెట్‌ది. అన్నిటికీ అదే చోట అదే రకం చెత్త కనబడితే స్లాటు, అదీ కాకపోతే సెట్టులోని వీడియో ర్యామ్.

ఇక్కడ బోర్డు రకాన్ని బట్టి దారులు విడిపోతాయి. ఒరిజినల్ ఫ్యామికామ్‌లోనూ, పాత మంచి క్లోన్‌లలోనూ ప్రాసెసర్, బొమ్మల చిప్, రెండు కిలోబైట్ల ర్యామ్‌లు రెండు, అన్నీ విడివిడిగా ఉంటాయి. యూఎంసీ కంపెనీ చేసిన యూఏ6527 ప్రాసెసర్, దాని జోడీగా యూఏ6538 కనబడితే మీ చేతిలో మంచి క్లోన్ ఉన్నట్టే. వీటిలో చెడిపోయిన ఒక్క చిప్ మార్చుకోవచ్చు. ఆన్ చేసిన నిమిషంలోపే ఒక ర్యామ్ మిగతావాటికంటే విపరీతంగా కాలిపోతుంటే అదే దొంగ. తర్వాత వచ్చిన చవక సెట్లలో అన్నీ కలిసి ఒకే నల్లటి ఎపాక్సీ బొట్టు కింద ఉంటాయి. ఆ బొట్టు పోతే బోర్డు పోయినట్టే.

రిమోట్లు

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వీటివే. మంచి కబురేమిటంటే వీటిని బాగుచేయడం అన్నిటికంటే తేలిక.

ఒక బటన్ మాత్రమే మొండికేస్తే రబ్బరు ప్యాడ్. వెనక స్క్రూలు తీసి రబ్బరు ఎత్తితే కింద నల్లటి కార్బన్ బిళ్లలు, బోర్డు మీద వాటికి ఎదురుగా దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడతాయి. బోర్డును ఆల్కహాల్‌తో తుడవండి. కార్బన్ బిళ్లను మాత్రం పొడి బట్టతో సుతారంగా, గట్టిగా రుద్దితే కార్బనే లేచిపోతుంది. అరిగిపోయిన బిళ్ల మీద 6బి పెన్సిల్ రుద్దితే కొన్ని వారాలు నడుస్తుంది. శాశ్వత పరిష్కారం కొత్త రబ్బరే.

అన్ని బటన్లూ ఒకేసారి చచ్చిపోతే, లేదా ఏమీ నొక్కకుండానే మారియో పరుగెత్తుతుంటే వైరు. రిమోట్ లోపల బటన్ల స్థితిని ఒకదాని వెనక ఒకటిగా పంపే 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ ఉంటుంది, క్లోన్‌లో అదీ నల్ల బొట్టే. దానికి ఐదు తీగలు చాలు: 5 వోల్టులు, గ్రౌండ్, క్లాక్, లాచ్, డేటా. ఎనిమిది బటన్లూ ఒక్క డేటా తీగ మీదే వెళ్తాయి కాబట్టి ఒక్క తీగ తెగినా అన్నీ పోతాయి. మీటర్‌ను బీప్‌లో పెట్టి, లోపల ఒక తీగ అతుకుకు ఒక ప్రోబ్, ప్లగ్గులో ఒక్కో పిన్నుకూ రెండోది ఆనిస్తూ వెళ్లండి. బీప్ రాని తీగ దొరికితే వైరును రిమోట్ దగ్గరా ప్లగ్గు దగ్గరా వంచుతూ చూడండి. దాదాపు ఎప్పుడూ ఆ రెండు మెడల దగ్గరే తెగుతుంది. రిమోట్ వైపు అయితే పని సులువు: మెడ దాటి రెండంగుళాలు కత్తిరించి పారేసి, ఐదు తీగల చివర్లు ఒలిచి, ఫొటో చూసుకుంటూ మళ్లీ అతికించండి. లోపల వైరుకు ఒక ముడి వేయండి, లాగినప్పుడు బరువు అతుకుల మీద పడదు. ఫ్యామికామ్ రిమోట్లకు ప్లగ్గే ఉండదు, వైరు నేరుగా సెట్టు లోపలికి పోతుంది. రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ లేవని కంగారుపడొద్దు, దాన్ని అలాగే చేశారు. వాటి చోట చిన్న మైకు ఉంటుంది.

గన్ను గురించి అడిగేవాళ్లకు ఒక్క ముక్క. బాతుల్ని కాల్చే ఆట కొత్త ఎల్‌ఈడీ టీవీలో ఆడదు. గన్ను ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, లక్ష్యం ఉన్నచోట తెల్లగా మెరుస్తుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ మెరుపు అప్పటికప్పుడే వస్తుంది, కొత్త టీవీ దాన్ని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. గన్ను విప్పి ఉపయోగం లేదు, పాత టీవీ వెతకండి.

ఎన్ఈఎస్ ఎర్ర లైటు మిణుకుమిణుకు

అమెరికా ఎన్ఈఎస్‌కు మాత్రమే ఉండే రోగమిది. ఆన్ చేయగానే ఎర్ర లైటు, తెర రెండూ సెకనుకోసారి ఆరిపోతూ వెలుగుతుంటాయి. సెట్టులో ఒక తాళం చిప్, క్యాసెట్లో దానికి జోడీ ఉంటాయి. రెండూ మాట్లాడుకోలేకపోతే సెట్టు తనను తానే రీసెట్ చేసుకుంటూ ఉంటుంది. అంటే మళ్లీ 72 పిన్నుల కనెక్టర్ సమస్యే. దాని నిర్మాణంలోనే చిక్కుంది: వీసీఆర్‌లా క్యాసెట్‌ను లోపలికి తోసి కిందికి నొక్కే పద్ధతి కావడంతో పిన్నులు ఏళ్ల తరబడి ఒకే వైపు వంగిపోతాయి.

కింది ఆరు స్క్రూలు తీసి, లోహపు కవచం, తర్వాత క్యాసెట్ ట్రే తీస్తే వెనక కనెక్టర్ చేతికొస్తుంది. అది బోర్డుకు సోల్డర్ చేసి ఉండదు, అంచుకు తొడిగి ఉంటుంది, లాగితే వచ్చేస్తుంది. నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించి, దులిపి, పూర్తిగా ఆరనివ్వండి. ఒక రోజంతా ఆరబెట్టినా నష్టం లేదు. ఈలోగా బోర్డు అంచును ఆల్కహాల్‌తో తుడవండి. ఆన్‌లైన్‌లో దొరికే కొత్త కనెక్టర్లు మరీ బిగుతు. క్యాసెట్‌ను పట్టుకుని వదలవు, తీస్తుంటే పిన్నులు గీసుకుపోతాయి. అందుకే పాతదాన్ని మరిగించి వాడుకోవడానికే నా ఓటు.

తాళం చిప్ నాలుగో కాలు ఎత్తి గ్రౌండ్‌కు కలిపితే మిణుకు ఆగిపోతుందని మీకు ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, ఆగిపోతుంది. కానీ కనెక్టర్ చెడ్డదైతే అలాగే ఉంటుంది. మిణుకు స్థానంలో ఇప్పుడు చెత్త బొమ్మ వస్తుంది, అంతే తేడా. కనెక్టర్ బాగుపడ్డాక, వేరే దేశపు క్యాసెట్లు కూడా ఆడాలనుకుంటే అప్పుడు చేయండి.

ఆట మధ్యలో దాచుకునే సదుపాయం ఉన్న ఒరిజినల్ క్యాసెట్లలో సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. 3 వోల్టులకు బదులు రెండున్నరకు దిగితే మార్చాలి. తీసిన క్షణం పాత సేవ్‌లు పోతాయి, ముందే సిద్ధపడండి. బ్యాటరీ మీదే నేరుగా సోల్డర్ చేయొద్దు, వేడికి పగలొచ్చు. రెండు రేకులు అతికించి వచ్చే రకం కొని, ఆ రేకుల్ని బోర్డుకు అతికించండి.

పసుపెక్కిన పెట్టెను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేసే వీడియోలు చూసే ఉంటారు. అవుతుంది, కానీ మళ్లీ పసుపెక్కుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఊరుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

అన్నీ చూసినా నల్ల బొట్టే పోయిందని తేలితే సెట్టును పాత సామాన్ల వాడికి వేసేయొద్దు. స్లాట్, రిమోట్లు, స్విచ్, జాక్, క్రిస్టల్ పీకి ఒక డబ్బాలో పెట్టుకోండి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, ఊళ్లో పాత సామాన్ల కొట్టులోనో అదే మోడల్ ఇంకోటి చిన్న మొత్తానికి దొరుకుతుంది. కొనేముందు రెండు పనులు చేయండి: చెవి దగ్గర పెట్టి ఊపి లోపల ఏదైనా కదులుతోందేమో వినండి, రిమోట్ ప్లగ్గు ఎన్ని పిన్నులదో లెక్కపెట్టండి. 9 పిన్నులవీ 15 పిన్నులవీ రెండూ ఉన్నాయి, మీ దగ్గరున్న రిమోట్లు దానికి పడకపోతే మళ్లీ వైర్ల దగ్గర కూర్చోవాలి.